ముస్లిం ఆడపిల్లల కథలున్న టీనేజ్ నవలలు మా పాపకు ఇవ్వొచ్చా?

కర్నూలు నుంచి అడిగిన చెల్లెమ్మకు నమస్కారం. మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. తొమ్మిదో తరగతి చదివే మీ పాప స్కూలు లైబ్రరీ నుంచి అఫ్గాన్ ఆడపిల్ల కథ 'ది బ్రెడ్‌విన్నర్' నవల తెచ్చుకుని రెండు రోజుల్లో చదివేసింది. మర్నాడు ఇంటర్వెల్‌లో ముస్లిం అయిన తన ప్రాణస్నేహితురాలిని పట్టుకుని, "మీ ఇంట్లో కూడా ఇట్లేనా? నిన్ను గూడా చదువు మాన్పిస్తారా?" అని అడిగింది. ఆ పాప పది రోజులుగా మాట్లాడటం లేదు. ఇలాంటి పుస్తకాలు ఆపేయాలా, ఆపకపోతే ఇంకేమి ఇవ్వాలి అని మీరు అడుగుతున్నారు.

ఆపొద్దండి. కానీ ఒకే ఒక్క పుస్తకం చేతికిచ్చి ఊరుకోవద్దు. కనీసం రెండు ఇవ్వండి, ఒకదానికొకటి పొంతన లేనివి. చదవడం అయ్యాక ఒకే ప్రశ్న వేయండి: "ఈ కథలో ఆ పిల్లకు వద్దన్నది ఎవరు?" నేను ఇన్నేళ్ళలో నేర్చుకున్నది ఇంతే. మిగతాదంతా దీనికి వివరణ.

నేను కడపలో ఆడపిల్లల హైస్కూల్లో 22 ఏళ్ళు ఇంగ్లీషు చెప్పాను. లైబ్రరీ అంటే మా స్కూల్లో రెండు బీరువాలు, వాటి తాళాలు కూడా నా దగ్గరే ఉండేవి. నేనూ ముస్లింనే. అది ఎందుకు చెబుతున్నానంటే, మీ పాప చేసిన పొరపాటే నేను టీచరు హోదాలో, నలభై మంది ముందు చేశాను. మీ పాపకు పద్నాలుగేళ్ళు. నాకు అప్పుడు ముప్పై ఆరు.

ఒక ఏడాది తొమ్మిదో తరగతికి ఈ బ్రెడ్‌విన్నర్ కథే క్లాసులో చదివి వినిపించాను. చిన్న చిన్న వాక్యాలు, సులువైన ఇంగ్లీషు, కథ పరుగెత్తుతుంది. పిల్లలు బెల్లు కొట్టినా లేవలేదు. నేను మురిసిపోయాను. నెల తర్వాత గమనించాను, ముందు బెంచీలో కూర్చునే పిల్ల ఒకతి లైబ్రరీ పీరియడ్ వచ్చేసరికి తలనొప్పి అంటోంది. పక్కకు పిలిచి అడిగితే కాసేపు పలకలేదు. ఆఖరికి అంది: "మా అబ్బా నన్ను రోజూ స్కూటర్ మీద దింపి పోతాడు మేడమ్. ఫీజు కట్టలేక అప్పు గూడా చేసినాడు. ఇప్పుడు క్లాసులో అందరూ ఆయన్ని తాలిబన్ మాదిరి చూస్తాండారు."

పుస్తకంలో తప్పు లేదు. నేను దాన్ని ఒంటరిగా పంపాను, అదీ తప్పు.

ఆ పుస్తకంలో నిజంగా ఉన్నదేమిటో చూడండి. రాసినావిడ డెబోరా ఎల్లిస్, కెనడా మనిషి. పాకిస్తాన్‌లోని శరణార్థి శిబిరాల్లో అఫ్గాన్ ఆడవాళ్ళతో మాట్లాడి 2000లో ఈ నవల తెచ్చింది. పర్వానా పదకొండేళ్ళ పిల్ల. కాబూల్‌లో తాలిబన్లు అధికారంలోకి వచ్చి (అది 1996) ఆడపిల్లల బడులు మూసేశారు. తండ్రిని జైల్లో పెడితే ఆ పిల్ల జుట్టు కత్తిరించుకుని, చనిపోయిన అన్న బట్టలు వేసుకుని, మగపిల్లవాడిలా బజారులో కూర్చుని చదువు రానివాళ్ళకు ఉత్తరాలు చదివిపెట్టి ఇల్లు నడుపుతుంది. మరి ఆ పిల్లకు చదవడం నేర్పింది ఎవరు? తండ్రే. ఆయన చరిత్ర చెప్పే పంతులు, బడి మీద బాంబు పడి కాలు పోగొట్టుకున్నాడు. తల్లి రేడియోకి రాసేది. అంటే ఇంట్లో ఎవరూ వద్దనలేదు. వద్దన్నది తుపాకి పట్టుకున్న ప్రభుత్వం. 2021 ఆగస్టు తర్వాత అక్కడ ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు మళ్ళీ బడి లేకుండా పోయింది కాబట్టి అది పాత కథ అని కూడా అనలేం. కానీ కర్నూలు పిల్ల నాన్నకూ కాబూల్‌లో తుపాకి పట్టుకున్నవాడికీ సంబంధం ఏమిటి? మీ పాపను ఇదొక్కటి అడగండి. తనే తడుముకుంటుంది.

ఇప్పుడు జోడీ పుస్తకం. నేను ఎప్పుడూ దీనికి పక్కన పెట్టేది ఆస్ట్రేలియా రచయిత్రి రాండా అబ్దెల్ ఫత్తా 2005లో రాసిన 'డజ్ మై హెడ్ లుక్ బిగ్ ఇన్ దిస్?'. మెల్‌బోర్న్‌లో పదకొండో తరగతి చదివే అమల్ అనే పదహారేళ్ళ పిల్ల, ఇకనుంచి రోజంతా హిజాబ్ వేసుకుంటానని తనంతట తానే నిర్ణయించుకుంటుంది. తండ్రి డాక్టరు, తల్లి పళ్ళ డాక్టరు. కూతురి మాట విని సంబరపడతారనుకుంటాం కదా, వాళ్ళకు టెన్షన్ పట్టుకుంటుంది. స్కూల్లో ఏమంటారో, రేపు ఉద్యోగం ఎలా అని. మా పిల్లలు ఇక్కడ ఒక్కసారిగా నవ్వేవాళ్ళు. పర్వానా చదివిన పిల్లకు, గుడ్డ అంటే బలవంతం అనే లెక్క ఒకటి బుర్రలో పడిపోయి ఉంటుంది. అదే గుడ్డ ఇక్కడ ఒక పిల్ల పంతం. ఇందులోనే లీలా అనే టర్కీ స్నేహితురాలు ఉంది, ఆమె తల్లి చదువు కంటే పెళ్ళి మీద పట్టుబడుతుంది. ఒకే నవలలో ఇద్దరు తల్లులు. ఆ తల్లి చెప్పేది మతం కాదు, ఊరి ఆచారం అని అమల్ వాదిస్తుంది. పిల్లలకు మనం ఉపన్యాసం ఇవ్వాల్సిన పని లేకుండా పోతుంది.

కడపలో కూడా ఇంతే కదా. మా వీధిలో ఒకే ఇంట్లో అక్క బుర్ఖా వేసుకుంటుంది, చెల్లెలు వేసుకోదు, వాళ్ళ అమ్మీ పైట తల మీదికి లాక్కుని బజారుకు పోతుంది. మరొక పిల్ల కాలేజీ గేటు దాటగానే మడిచి బ్యాగులో పెట్టుకుంటుంది. ఇంకొకతి ఇంట్లో వద్దన్నా వేసుకుంది. ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. ఏ నవలైనా వీళ్ళలో ఒక్కరి కథే చెప్పగలదు.

పాప కొంచెం గట్టిది అనుకుంటే మార్జాన్ సత్రపి 'పెర్సెపోలిస్' మొదటి భాగం ఇవ్వండి. ఇది నవల కాదు, ఆమె సొంత బాల్యం, నలుపు తెలుపు బొమ్మల్లో. మొదట్లోనే 1980లో ఇరాన్ బడి ఆవరణ కనిపిస్తుంది. పదేళ్ళ పిల్లలకు స్కార్ఫులు ఇచ్చి వేసుకోమంటే, వాళ్ళు వాటితో తాడాట ఆడుకుంటుంటారు. నేను పిల్లల పుస్తకం తూకం వేసేటప్పుడు చూసేది ఇదే: ఆ పిల్లకు తన కష్టం కాకుండా ఇంకేమైనా ఉందా? ఆడుకుంటుందా, స్నేహితురాలి మీద అలుగుతుందా, తమ్ముడిని గిల్లుతుందా? మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఏడుస్తూనే ఉంటే అది పిల్ల కథ కాదు, చదివేవాళ్ళ జాలి కోసం కట్టిన కథ. పెర్సెపోలిస్‌లో జైలు హింస బొమ్మలు కొన్ని ఉన్నాయి, మీరు పక్కన ఉండండి. రెండో భాగం మాత్రం ఇప్పుడు వద్దు, అది పెద్దపిల్లలకు.

అట్టల గురించి ఒక మాట. ఇలాంటి పుస్తకాల్లో సగానికి పైగా అట్ట మీద ముసుగు, అందులోంచి రెండు పెద్ద కళ్ళు. లోపల పిల్ల క్రికెట్ ఆడుతున్నా సరే, అట్ట మీద కళ్ళే! నాకు విసుగొచ్చి మా బీరువాలో వాటన్నిటికీ ఖాకీ అట్టలు వేసి పేరు చేత్తో రాసిపెట్టాను. ఇది చాలా పనిచేసింది, నవ్వకండి.

తర్వాతది 'షబాను'. దీని విషయంలో నేను చాలాసార్లు మనసు మార్చుకున్నాను. అమెరికా విలేఖరి సుజాన్ ఫిషర్ స్టేపుల్స్ 1989లో రాసింది. మరుసటి ఏడాది, అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ ఆనర్ గుర్తింపు వచ్చింది. పాకిస్తాన్‌లోని చోలిస్తాన్ ఎడారిలో ఒంటెలు మేపుకునే కుటుంబం. అక్క ఫూలన్ పెళ్ళి దగ్గరపడిన వేళ ఒక భూస్వామితో గొడవ వచ్చి, దాన్ని సర్దడానికి పెద్దలు చిన్నపిల్ల షబాను పెళ్ళిని బేరం పెడతారు, ఆమె కంటే ఎంతో పెద్దవాడితో. ఇక్కడ వద్దన్నది మతం కాదు, సర్కారు కాదు. భూమి, నీళ్ళు, పరువు. రాయలసీమలో పెరిగినవాళ్ళకు ఈ మూడు మాటలు కొత్తగా చెప్పాలా? మా ముస్లిమేతర పిల్లలు ఈ కథను తమ ఊరి కథలాగా పట్టుకున్నారు. ఒక పులివెందుల వైపు పిల్ల, "మా జేజి పెండ్లి గూడా గట్టు తగాదా తెగడానికే చేసినారంట మేడమ్" అంది.

అయినా బయటి మనిషి రాసింది అన్న సంగతి గుర్తుంచుకుని చదవాలి. ఎడారిని, ఒంటెల్ని ఎంత చక్కగా రాసిందో, మగవాళ్ళను అంత ఓపికగా చూడలేదని నాకనిపిస్తుంది. బయటివాళ్ళు రాయకూడదని నేననను. ఎల్లిస్ కూడా బయటి మనిషే. బయటివాళ్ళు రాసినదాని పక్కన లోపలివాళ్ళు రాసినదొకటి ఉండాలంటాను. అందుకని షబానుకు జోడీగా, పాకిస్తాన్ మూలాలున్న అమెరికా రచయిత్రి ఆయిషా సయీద్ 2018లో రాసిన 'అమల్ అన్‌బౌండ్' పెడతాను. (ఈమె పేరూ అమలే. ఉర్దూలో అమల్ అంటే పని, అరబ్బీలో వేరే అక్షరంతో రాస్తే ఆశ. మా పిల్లలు దీని మీదే ఒక పీరియడ్ వాదించుకున్నారు.) పాకిస్తాన్ పంజాబ్ పల్లెలో పన్నెండేళ్ళ పిల్ల, టీచరు కావాలని కోరిక. బజారులో ఎదురు మాట్లాడింది ఊరి భూస్వామికి అని తెలిసేలోపు పని అయిపోయింది. తండ్రి చేసిన అప్పుకు బదులుగా ఆ భూస్వామి ఇంట్లో పనికి పోవాల్సి వస్తుంది. వద్దన్నది అప్పు. తొమ్మిదో తరగతికి నేను మొదట ఇచ్చేది ఇప్పుడు ఇదే, బ్రెడ్‌విన్నర్ కంటే ముందు.

ఈ "వద్దన్నది ఎవరు" ప్రశ్న పుస్తకాలకే కాదు, మనుషులకూ పనికొస్తుందని నాకు నేర్పింది ఒక పిల్ల. రాయచోటి దగ్గరి ఊరు, మా హాస్టల్లో ఉండేది. పదో తరగతి మంచి మార్కులతో పాసై ఇంటర్ చేరలేదు. స్టాఫ్ రూమ్‌లో అందరం ఒకే మాట అనుకున్నాం, నేను కూడా: ఇంకేముంది, ఇంట్లో పెళ్ళి చేసి ఉంటారు. సెలవుల్లో ఆ ఊరు మీదుగా పోతూ ఆగాను. పెళ్ళీ లేదు, ఏమీ లేదు. అమ్మీ కువైట్‌లో ఇంటిపనికి పోయింది, అక్కడి నుంచి పంపే డబ్బుతోనే ఇల్లు నిలబడుతోంది. ఇద్దరు తమ్ముళ్ళకు వండిపెట్టి బడికి పంపే మనిషి లేక ఈ పిల్ల ఆగిపోయింది. తండ్రి నన్ను చూసి తల దించుకుని, "దాన్ని చదివించాలనే ఆమె పోయింది టీచరమ్మా" అన్నాడు. ఆ కథ ఏ అట్ట మీది కళ్ళకూ పట్టదు. కడప వైపు నుంచి కువైట్ పోయిన తల్లులు, ఇక్కడ మిగిలిన కూతుళ్ళు, వీళ్ళ మీద ఎవరైనా టీనేజ్ నవల రాస్తే బాగుండు. మతం లెక్క లేకుండా అన్ని ఇళ్ళలోనూ ఉన్న కథ అది.

తెలుగులో ఏముంది అని మీరు తప్పకుండా అడుగుతారు. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథలు మన కడప జిల్లా ముస్లిం ఇళ్ళవి, 2012లో కేంద్ర సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' కావలిలో పెరిగిన పిల్లవాడి కబుర్లు, మీ పాప పొట్ట పట్టుకుని నవ్వుతుంది. అయితే అది అబ్బాయి గొంతు. దర్గామిట్ట చదివించి, "ఇదే ఇంట్లో అక్క ఏం చేస్తూ ఉంటుంది?" అని అడగడం నాకు అలవాటు. ఆ ప్రశ్నకు పిల్లలు రాసుకొచ్చిన జవాబులే మాకు నవలలు.

అందులో ఒకటి మరిచిపోలేను. దూదేకుల పిల్ల, ఇంట్లో అచ్చంగా తెలుగే. ఉర్దూ రాదని ఇటువైపు పిల్లలు, పేరు చూసి అటువైపు పిల్లలు, "నువ్వు నిజంగా తురకదానివేనా?" అని ఇద్దరూ అడుగుతారని రాసింది. వాళ్ళ తాత పరుపులు కుట్టేవాడు, పీర్ల పండక్కి అనంతపురం వైపు గూగూడు కుళ్లాయిస్వామి దగ్గరికి పోయేవాళ్ళు. అక్కడ గుండంలో నిప్పులు తొక్కేవాళ్ళలో హిందువులే ఎక్కువ మంది కనిపించారని, కుళ్లాయప్ప అనే పేరు తమ ఇంట్లోనూ ఎదురింటి రెడ్ల ఇంట్లోనూ ఉందని రాసింది. "సంప్రదాయ ముస్లిం కుటుంబం" అని పుస్తకం వెనక అట్ట మీద రాస్తారు చూడండి, ఆ మాట ఈ పిల్ల ఇంటికి ఎక్కడ సరిపోతుంది?

పాతవి కూడా కొన్ని చెప్పాలి, ఎందుకంటే ఇదంతా నిన్నమొన్న విదేశాల్లో మొదలైందని మీ పాప అనుకోకూడదు. మా నానీ (అమ్మమ్మ) పెళ్ళిపెట్టెలో 'మిరాత్ ఉల్ ఉరూస్' ఉండేది. నజీర్ అహ్మద్ 1869లో ఉర్దూలో రాసిన కథ, తన కూతుళ్ళ చదువు కోసం మొదలుపెట్టాడు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు, అక్బరీ మొండిది, అస్గరీ బుద్ధిమంతురాలు. ఆడపిల్ల చదువుకోవాలని చెబుతుంది, చదువుకుని ఇల్లు చక్కగా దిద్దుకోవాలని కూడా చెబుతుంది. మా నానీకి అస్గరీ ఇష్టం. నాకు చిన్నప్పటి నుంచి అక్బరీ అంటేనే ఇష్టం.

ఆ తర్వాత బెంగాల్ నుంచి రొకేయా సఖావత్ హుస్సేన్ 'సుల్తానాస్ డ్రీమ్' ఇంగ్లీషులో రాసింది. 1905లో మద్రాసు ఇండియన్ లేడీస్ మ్యాగజైన్‌లో అచ్చయింది. అప్పటికి మన కడప, కర్నూలు, అనంతపురం మద్రాసు ప్రెసిడెన్సీలోవే, కాబట్టి మన గడప దాకా వచ్చిన కథ అనుకోవచ్చు. అందులో మగవాళ్ళు పరదాలో ఉంటారు, ఆడవాళ్ళు సూర్యుడి వేడితో వంట చేస్తూ రాజ్యం నడుపుతారు. పట్టుమని పదిహేను పేజీలు ఉండవు. ఆదివారం ఒక్క పూటలో చదవొచ్చు. బషీర్ 1951లో మలయాళంలో రాసిన 'మా తాతకో ఏనుగుండేది' ఇంగ్లీషులో దొరుకుతుంది. తాతకు ఏనుగు ఉండేదని తల్లి గొప్పలు చెప్పి కుంజుపాతుమ్మను నలుగురితో కలవనివ్వదు. పక్కింటికి వచ్చిన చదువుకున్న పిల్ల ఆమెకు అక్షరాలు నేర్పుతుంది. ఆ ఏనుగు నిజానికి ఇసుకలో గుంటలు చేసుకునే పురుగేలే అని చివర్లో వీధి పిల్లలు ఎగతాళి చేస్తారు. ఇక్కడ వద్దన్నది వంశం గొప్ప. తమిళ సల్మా రాసినవి గొప్ప పుస్తకాలే, కానీ మీ పాపకు కాదు, మీకు.

ఒక జాగ్రత్త. ముస్లిం తల్లిదండ్రులు ఈ పుస్తకాల మీద కోప్పడితే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఒకావిడ పర్వానా పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చి టేబుల్ మీద వేసింది. "మా మతాన్ని ఇట్లా చూపిస్తారా?" ఆవిడ ఉర్దూ మీడియంలో ఏడు దాకా చదివింది, ఇంగ్లీషు రాదు. నేను వాదించలేదు. కూర్చోబెట్టి కథ మొదటి నుంచి మా మాటల్లో చెప్పాను, ఉర్దూ కొంత, తెలుగు కొంత. తండ్రి పిల్లలకు మలాలీ అనే వీరవనిత కథ చెప్పే చోటికి వచ్చేసరికి ఆవిడ దుపట్టా సర్దుకుని ముందుకు వంగింది. తండ్రిని పట్టుకుపోయే చోట, "అల్లా... తర్వాత?" అంది. బెల్లు కొట్టారు. మర్నాడు మిగతా కథ కోసం వచ్చింది. పుస్తకం మీద ఆవిడకు ఇప్పటికీ ఒక ఫిర్యాదు ఉంది, తల్లికి సరిగా మాటలు ఇవ్వలేదని. నిజమే మరి.

ఇక మీ పాప, ఆమె స్నేహితురాలు. క్షమాపణ చెప్పించడానికి తొందరపడకండి. ముందు మీ పాపతో ఒక కాగితం మీద తనకు ఇంట్లో ఎవరెవరు ఏమేమి వద్దన్నారో రాయించండి. ఓణీల ఫంక్షన్ అయ్యాక సైకిల్ వద్దన్నారా, సందె వేళ ట్యూషన్‌కి ఒంటరిగా వద్దన్నారా, ఆ మూడు రోజులు పూజగదిలోకి వద్దన్నారా? నేను క్లాసులో రాయిస్తే అందరి కాగితాలూ ఇంచుమించు ఒకేలా వచ్చాయి, పేర్లు కొట్టేస్తే ఎవరిది ఏ మతమో చెప్పలేకపోయాను. ఆ కాగితం తీసుకుని స్నేహితురాలి దగ్గరికి పోతే మాట దానంతటదే కలుస్తుంది. ఆ పిల్లను మాత్రం మళ్ళీ మీ ఇంటి గురించి చెప్పు, మీ మతం గురించి చెప్పు అని అడగొద్దనండి. తను మీ పాపకు స్నేహితురాలు, గైడు పుస్తకం కాదు.

మా స్కూటర్ పిల్ల సంగతి అడిగేవాళ్ళుంటారు. ఏడాది చివర్లో రెండు పేజీల కథ రాసిచ్చింది. పబ్లిక్ పరీక్ష రోజు పొద్దున. అబ్బా రెడీ, పిల్ల రెడీ, అమ్మీ టిఫిన్ డబ్బా కూడా రెడీ. స్కూటర్ స్టార్ట్ కాదు. తండ్రి కిక్కు కొడతాడు, వంచుతాడు, ప్లగ్గు ఊడదీసి తుడుస్తాడు, ఆఖరికి పిల్లను ఎక్కించుకుని అప్సర సర్కిల్ దాకా తోసుకుంటూ పోతాడు. వద్దన్నది ఎవరు అని కింద నేను ఎర్ర ఇంకుతో రాశాను. "బజాజ్ చేతక్, మేడమ్" అని రాసి తిరిగిచ్చింది.